మాసిక వేసిన చేతుల చరిత్ర

ఆదివాసీ దినోత్సవం అనగానే మనం విల్లంబులు పట్టుకుని ఊరేగుతాం, డప్పులు కొడతాం, థింసా ఆడతాం. వేదిక మీద పెద్దలు అడవి గురించి, పోడు గురించి, భూమి గురించి మాట్లాడతారు. అవన్నీ మన చరిత్రే. కానీ ప్రతి ఇంట్లో పొద్దుపోయాక దీపం దగ్గర కూర్చుని, చిరిగిన బట్టను మళ్లీ కట్టుకునేలా చేసిన ఆడవాళ్ల పని గురించి ఏ వేదిక మీదా మాట రాదు. సూది, దారం, పాతచీర పట్టుకుని మన అమ్మమ్మలు, నాన్నమ్మలు చేసిన పని కూడా చరిత్రేనని మన యువతకు చెప్పాలనే ఈ వ్యాసం.

ఇప్పుడే చెప్పడానికి ఒక కారణం ఉంది. గిరిజన హాస్టళ్లలో పనిచేసే మాకు ఏటా జూన్ నెలలో ఒకే సంగతి కనబడుతుంది. పిల్లలు ట్రంకు పెట్టెతో పాటు ఇంటి దగ్గర నుంచి బొంత తెచ్చుకుంటారు. వారం తిరగకుండానే ఆ బొంత పెట్టెల వెనక్కి పోతుంది. ఎందుకమ్మా అని అడిగితే, "పాతగుడ్డలతో కుట్టింది కదా మేడమ్, ఎవులైనా చూస్తే నవ్వుతారు" అంటారు. మోచేతి దగ్గర మాసిక ఉన్న చొక్కా వేసుకోవాలన్నా మగపిల్లలకు ఇదే బాధ. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మాసిక అంటే పేదరికం అని ఎవరో అన్నారు, మనం నమ్మేశాం. ఆ మాసిక వెనుక ఎంత లెక్క ఉందో, ఎంత తెలివి ఉందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అది ఇక్కడ చెప్పుకుందాం.

సూది కంటే ముందు

తెలుగులో చొక్కా కుడతాం, విస్తరి కుడతాం, గాయానికి కుట్లు వేస్తాం. అన్నిటికీ ఒకటే మాట. మన కొండల్లో ఆకు కుట్టిన చేతులే తర్వాత బట్ట కుట్టాయని అనుకోవడంలో తప్పులేదు. అడ్డాకు మీకందరికీ తెలుసు. అడవి నుంచి తెచ్చిన ఆకులను ఆరబెట్టి, ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పేర్చి, సన్నగా చీల్చిన వెదురు ఈనెలతో గుచ్చి విస్తరి చేస్తారు. చూడ్డానికి సులువుగా ఉంటుంది. కూర్చుని చేస్తే తెలుస్తుంది. అతుకు ఎక్కడ పడాలో, ఎంత దూరానికి ఒక ఈనె గుచ్చితే పులుసు కారకుండా ఉంటుందో, ఎక్కడ గుచ్చితే ఆకు చీలిపోతుందో చేతికి తెలియాలి. రెండు చిన్న ముక్కలు కలిపి పనికొచ్చే పెద్ద వస్తువు ఒకటి చేయడమే కుట్టుపని. ఆ విద్య మనకు ఎవరో వచ్చి నేర్పింది కాదు.

బట్ట విషయమూ అంతే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి ఏడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. అందులో కొండ సవరల్లో ఒక శాఖ గురించి రాస్తూ, తమ జనం కట్టుకునే ముతక బట్టలు నేయడం వాళ్ల పని అని చెప్పాడు. గదబ ఆడవాళ్లు చెట్టు నారను నూలుతో కలిపి చారల బట్ట తామే నేసుకునేవారని కూడా ఆ పుస్తకంలో ఉంది. కొరాపుట్ కొండల వైపు ఆ బట్టను ‘కెరంగ్’ అంటారు. థర్‌స్టన్ పుస్తకంలో మనల్ని చిన్నచూపు చూసిన మాటలు చాలా ఉన్నాయి. అతని కళ్లతో మనం మనల్ని చూసుకోనక్కర్లేదు. అయినా ఆ పేజీల్లో ఒక సాక్ష్యం మిగిలింది. కొండ మీద మనిషికి బట్ట కట్టడం కింది నుంచి వచ్చినవాళ్లు నేర్పారన్న మాట అబద్ధం.

కొండకూ మైదానానికీ మధ్య ఉన్న సంబంధం పత్తిలోనే కనబడుతుంది. మన శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖాదీ పేరు దేశమంతా తెలుసు. గాంధీజీ మెచ్చుకున్న బట్ట అది. పొందూరులో వడికే పత్తి రకాలు మూడు: పునాస పత్తి, ఎర్రపత్తి, కొండపత్తి. మూడో దాని పేరులోనే కొండ ఉంది. అక్కడి ఆడవాళ్లు ఈ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, మలినం తీసి, ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. చేప పళ్లు పత్తికి దువ్వెన కావడం ఏ పరిశ్రమలోనూ చూడం. చేత్తో వడికి, చేత్తో నేసి ఒక చీర తయారు కావాలంటే ఎన్ని రోజుల పని పడుతుందో అక్కడికి వెళ్లి చూసినవాళ్లకు అర్థమవుతుంది. అంత పని పట్టే వస్తువును చిరిగిందని పారేయాలని పూర్వం ఎవరికీ తోచేది కాదు. మైదానంలోనైనా, కొండ మీదైనా.

సంత, షావుకారు, చీర

మిల్లు బట్ట వచ్చాక మన ఇళ్లలో నేత వెనకబడింది. అప్పటి నుంచి కొండ మీది ఇంటికి బయటి నుంచి తప్పనిసరిగా కావలసినవి ఉప్పు, కిరసనాయిలు, బట్ట. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు లాంటి చోట్ల జరిగే సంతలకు మనవాళ్లు చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుని దిగేవారు. అవి అమ్మి బట్ట కొనేవారు. సరుకు చాలకపోతే అప్పు. ఆ అప్పుకు వచ్చే ఏటి చింతపండు జమ. పంట చేతికి రాకముందే షావుకారు పద్దులోకి పోయేది.

ఆ అప్పు ఎంత లోతుగా ఉండేదో ఒక చట్టం చూస్తే తెలుస్తుంది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం చేసింది. అది గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వర్తించింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ప్రాంతం అప్పట్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోనే ఉండేది. కొండజాతుల వారి అప్పు మీద ఏడాదికి నూటికి 24 రూపాయల కంటే ఎక్కువ వడ్డీని ఒప్పుకోకూడదని ఆ చట్టం చెప్పింది. 24 దగ్గర గీత గీయవలసి వచ్చిందంటే, గీత లేనప్పుడు ఎంత గుంజేవారో మీరే ఊహించండి. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, పుట్టింది కూడా ఇందుకే. మనవాళ్ల అటవీ ఫలసాయం తాను కొని, నిత్యావసరాలు తాను అమ్మి, దళారుల చేతిలోంచి మనల్ని బయట పడేయడం దాని పని. 1960లలో మన కొండల్లో జరిగిన పోరాటాల్లోనూ భూమి, కూలి, అప్పు అనే మాటలే ముందున్నాయి.

ఇప్పుడు ఆ అప్పు పద్దు పక్కన ఒక చీరను పెట్టి చూడండి. ఇంట్లో నలుగురు ఆడవాళ్లు ఉన్నారనుకుందాం. ఏడాదికి ఒక్కొక్కరికి ఒక చీర అయితే రెండేళ్లలో ఎనిమిది చీరలు కొనాలి. మాసిక వేసి, అంచు మార్చి, ఒక్కో చీరను రెండేళ్లు నడిపితే నాలుగు చాలు. మిగతా నాలుగు చీరల అప్పు పుట్టదు. దాని మీద వడ్డీ పుట్టదు. దానికి జమగా పోవలసిన చింతపండు ఇంట్లోనే ఉంటుంది. భూమి తాకట్టు దాకా పోయే దారిలో ఒక మెట్టు తగ్గుతుంది. రాత్రి దీపం దగ్గర మన ముసలమ్మలు చేసిన పని ఇది. షావుకారు పుస్తకంలో వాళ్లు ఒక పద్దు పడకుండా ఆపారు. అక్షరం రాని చేతులు చేసిన లెక్క అది.

ఇది కొండవాళ్ల సంగతే అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దేశమంతా బట్టకు కరువు వచ్చింది. 1943లో బట్ట మీద, నూలు మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. అప్పుడు పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా చొక్కా కాలరు ఊడదీసి, అరిగిన వైపు లోపలికి తిప్పి మళ్లీ కుట్టించుకున్నారు. మనల్ని పాలించిన ఇంగ్లండులో కూడా 1941 జూన్ నుంచి 1949 దాకా బట్టకు రేషను నడిచింది. ఉన్న బట్టనే బాగుచేసుకుని వాడుకోండని అక్కడి ప్రభుత్వం కరపత్రాలు అచ్చేసి, తరగతులు పెట్టి తన ప్రజలకు నేర్పింది. మన అమ్మమ్మలకు ఆ కరపత్రం అవసరం పడలేదు.

ఒక చీర ఎన్ని పనులకు

ఒక నూలుచీర ఇంటికి వచ్చాక ఏమయ్యేదో వరసగా చూద్దాం. కొత్తలో పండక్కి, సంతకి. రంగు తగ్గాక పొలానికి, అడవికి. నడుం దగ్గర పలచబడితే మధ్యకు చించి, గట్టిగా ఉన్న రెండు అంచులను మధ్యకు తెచ్చి కుడితే ఇంకో ఏడాది. ఆ తర్వాత బాగున్న ముక్క చూసి ఆడపిల్లకు పరికిణీ. పరికిణీ కుట్టేటప్పుడు కింద రెండు టక్కులు వేస్తారు. పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కో టక్కు విప్పితే పొడవు వస్తుంది. రాబోయే రెండేళ్ల ఎదుగుదలను ముందే లెక్కేసి కుట్టడమన్నమాట. ఆ తర్వాత చంటిపిల్లకు ఉయ్యాల, పొత్తిగుడ్డలు. పొత్తిగుడ్డకు కొత్తబట్ట పనికిరాదు. పదేపదే ఉతికి మెత్తబడ్డ పాతచీరే పసిపిల్ల ఒంటికి మంచిది. ఆపైన బొంతలోకి. బొంతకీ పనికిరాని పేలికలు మసిగుడ్డ, కుండ కింద చుట్టకుదురు. చివరికి మిగిలేది దీపం వత్తి. అంటే చీర చివరి పోగు కూడా వెలుగు ఇచ్చే పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎవరూ పైకి అనని మాట. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు ఆధారం ఆ పాతచీర ముక్కే. దాన్ని శుభ్రంగా ఉతికి, ఎండలో ఆరేస్తే దోషం లేదు. సిగ్గుపడి చీకట్లో, తడిగా దాచినప్పుడే రోగాలు వచ్చాయి. ఇప్పుడు హాస్టళ్లలో శానిటరీ ప్యాడ్లు ఇస్తున్నాం. అది మంచి మార్పు. కానీ ఇంత అవసరమైన బట్ట గురించి మాట్లాడడానికి మన ఇళ్లలో ఇంకా నోరు రావడం లేదన్నది నిజం.

ఇక బొంత. చాలామంది పాతగుడ్డలను ఒకదాని మీద ఒకటి వేసి కుట్టేస్తే బొంత అయిపోతుందనుకుంటారు. కుట్టేవాళ్లను చూడండి. ఉతికి ఎండబెట్టిన పాతచీరలు నాలుగైదు పొరలుగా నేల మీద పరుస్తారు. మరీ చిరిగినవి లోపలికి, రంగు నిలిచినవి పైకీ కిందికీ. మడతలు పడకుండా మూలల మీద బరువు పెడతారు. ముందు పెద్దపెద్ద కచ్చాకుట్లతో పొరలన్నిటినీ కదలకుండా పట్టిస్తారు. తర్వాత అంచు మడిచి, అంచు నుంచి లోపలికి వరసలుగా కుట్టుకుంటూ వస్తారు. సూది అన్ని పొరలనూ దాటి కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. ఒక్క పొర తప్పినా నాలుగు ఉతుకుల తర్వాత లోపలి గుడ్డ ముద్దకడుతుంది. కుట్లు మరీ దూరమైతే పొరలు జారిపోతాయి. మరీ దగ్గరైతే బొంత అట్టలా బిరుసెక్కుతుంది. వెచ్చదనం ఎక్కడిది? పొరల మధ్య నిలిచిన గాలిది. గాలి వేడిని త్వరగా పోనివ్వదని మీరు భౌతికశాస్త్రంలో చదువుతారు. మన్యం చలిలో పిల్లలను పడుకోబెట్టిన తల్లులకు అది పుస్తకం లేకుండానే తెలుసు.

ఇలాంటి పనికి లోకంలో ఎంత గౌరవం ఉందో కూడా తెలుసుకోవాలి. బెంగాల్లో, ఒడిశాలో పాతచీరల పొరలను కలిపి కుట్టే పనిని కాంథా అంటారు. ఇప్పుడు ఆ కుట్టు పేరు మీద పెద్ద దుకాణాల్లో చీరలు అమ్ముతున్నారు. జపాన్ ఉత్తర ప్రాంతపు పేద రైతులు, జాలర్లు చలికి తట్టుకోవడానికి మాసిక మీద మాసిక వేసుకున్న నీలిరంగు బట్టలను ‘బోరో’ అంటారు. ఒకప్పుడు వాళ్ల పిల్లలు కూడా వాటిని చూసి సిగ్గుపడి దాచేశారు. నేడు అవి మ్యూజియాల్లో అద్దాల వెనుక ఉన్నాయి. మన బొంత వాటికి ఏం తక్కువ?

మిషను వచ్చాక

1851లో అమెరికాలో ఐజాక్ సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ కంపెనీ మిషన్లు మన దేశానికి వచ్చాయి. 1930లలో ఉషా మిషన్లు ఇక్కడే తయారు కావడం మొదలైంది. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమను తగ్గించే మంచి యంత్రానికి ఉదాహరణగా దాన్ని చెప్పారు. మన సంతల్లోకి దర్జీ మిషనుతో వచ్చాడు. పొద్దున్న గుడ్డ కొని ఇస్తే సంత విడిచేలోగా కుట్టి ఇచ్చేవాడు. ఇప్పటికీ కొన్ని సంతల్లో ఆ దృశ్యం చూడొచ్చు.

మిషను వల్ల పని తేలికైంది. కానీ ఒక తేడా కూడా వచ్చింది. సంతలో మిషను మీద కుడితే అది వృత్తి, దానికి కూలి. ఇంట్లో చేత్తో కుడితే అది ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని, దానికి లెక్క లేదు. ఈ చూపు ఎంత నష్టం చేస్తుందో గోదావరి జిల్లా నర్సాపురం చూపించింది. అక్కడ క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషియా లేసు అల్లిక వేల ఇళ్లలో పాకింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. ఆ ఆడవాళ్లు అల్లిన లేసు విదేశాల మార్కెట్లకు పోతున్నా, వాళ్లను పనివాళ్లుగా కాకుండా తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చింది. గోదావరి మన్యంలోని దుమ్ముగూడెంలోనూ ఆ రోజుల్లో మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. చేసేది పని అని మనం ఒప్పుకోకపోతే దాని ధర వేరేవాళ్లు నిర్ణయిస్తారు. ఇది మన ఆడపిల్లలు గుర్తుపెట్టుకోవలసిన పాఠం.

బడి ఈ చూపును మార్చడానికి ప్రయత్నించింది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. ఉపాధ్యాయ శిక్షణలో మేమందరం చదువుకున్న బేసిక్ విద్య అదే. చాలా బడుల్లో క్రాఫ్టు పీరియడు ఉండేది. ఊలుతో మఫ్లరు అల్లడం, రుమాలు అంచు కుట్టడం, గుండీ, కాజా వేయడం ఆ పీరియడులోనే మా తరం నేర్చుకుంది. అల్లికలో సూది మీద ఎన్ని కుట్లు ఎక్కించాలో, చంక దగ్గర ఎన్ని తగ్గించాలో లెక్క తప్పితే స్వెట్టరు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అవుతుంది. జాకెట్టు కత్తిరించాలంటే ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేసి, వదులుకు కొంత, కుట్టుకు కొంత కలపాలి. భిన్నాలంటే భయపడే పిల్లలు టేపు పట్టుకుంటే పావు, అర, ముప్పావు అంగుళాలు తడుముకోకుండా చెప్పడం మేము హాస్టళ్లలో చూస్తూనే ఉన్నాం.

మన పల్లెల్లో మిషను ఆడవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చింది పొదుపు సంఘాల కాలంలో. 2000లో ‘వెలుగు’ పథకం మొదటగా తీసుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. సంఘం అప్పుతో మిషను కొనుక్కున్న అక్కలు ఊరిలోనే జాకెట్లు, లంగాలు కుట్టి ఇల్లు నడిపారు. 2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రంలో మనిషికి మూడేసి మాస్కులు పంచాలని ప్రభుత్వం అనుకుంటే, కుట్టే పని పొదుపు సంఘాల ఆడవాళ్లకే అప్పగించింది. దేశం తలుపులు మూసుకున్న రోజుల్లో ఇంట్లో కుట్టే పని లేకపోతే ఏమయ్యేదో అప్పుడు అందరికీ తెలిసింది.

ఇప్పుడు జారిపోతున్నది

ఇవాళ సంతలో రెడీమేడ్ చొక్కా చవగ్గా దొరుకుతుంది. గుండీ ఊడితే కుట్టుకోకుండా చొక్కానే పారేస్తున్నారు. చీరలు ఎక్కువగా పాలిస్టరువి. అవి చెమట పీల్చవు, ఎంత ఉతికినా నూలులా మెత్తబడవు. పొత్తిగుడ్డకూ పనికిరావు, బొంతలో పెడితే జారిపోతాయి. వాగు పక్కన పారేస్తే ఏళ్లు గడిచినా మట్టిలో కలవవు. అంటే బొంత కుట్టే చేయి మాత్రమే కాదు, బొంతకు పనికొచ్చే బట్ట కూడా తగ్గిపోతోంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తుఫాన్లప్పుడు, చలికాలంలో సహాయంగా పంచే చవక కంబళ్లు చాలావరకు హర్యానాలోని పానిపట్‌లో తయారవుతాయి. విదేశాల నుంచి మూటలుగా వచ్చిన పాత ఊలు బట్టలను అక్కడ చింపి, పీచు చేసి, మళ్లీ వడికి కంబళ్లు నేస్తారు. మనం పాతగుడ్డల బొంత అని పక్కన పడేసి కప్పుకునే కంబళి కూడా పాతగుడ్డలదే. ఎవరి పాతగుడ్డలో మనకు తెలియదు, అంతే తేడా.

అయితే నిరాశపడనక్కర్లేదు. పార్వతీపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే రాయగడ జిల్లా. అక్కడి నియమగిరి కొండల్లో డోంగ్రియా కోదుల ఆడపిల్లలు ముతక తెల్లబట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల గుర్తుగా త్రికోణాలు కుడతారు. ఆ శాలువాను ‘కపడాగండా’ అంటారు. ఇష్టమైనవాడికి, అన్నదమ్ములకు ప్రేమగా కుట్టి ఇస్తారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ శాలువా పేరు పెట్టుకుని ఎవరు పడితే వారు నకిలీ అమ్మడానికి ఇక చట్టం ఒప్పుకోదు. మన జాతాపులు, కోదులు ఒకే మూలం వాళ్లని పెద్దలు, పుస్తకాలు చెబుతాయి. మన బంధువుల ఇంట్లో సూదిపనికి దేశం గుర్తింపు ఇచ్చిందంటే మన ఇంట్లో ఏముందో ఒకసారి వెతుక్కోవాలి కదా.

మీరు చేయవలసింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చివరగా మీతో నాలుగు మాటలు.

మొదటిది, మాటలు పోగుచేయండి. మన శ్రీకాకుళం గడ్డ మీద 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువులు అచ్చుకు తెచ్చారు. ఆయన రాసి ఉంచినందువల్ల ఎన్నో మాటలు మిగిలాయి. అలాగే సూదిని, మాసికను, బొంతను, కుట్టు రకాలను మీ అమ్మమ్మ ఏ మాటలతో పిలుస్తుందో సవరలోనో, కువిలోనో, గదబలోనో అడిగి తెలుగు లిపిలో రాయండి. పక్కన ఊరి పేరు, తేదీ వేయండి. ఆవిడ గొంతు ఫోనులో రికార్డు చేయండి.

రెండోది, చేత్తో నేర్చుకోండి. మగపిల్లలకూ ఈ మాట వర్తిస్తుంది. సంతలో దర్జీ మగవాడే కదా. గుండీ కుట్టడం, అంచు మడిచి హెమ్మింగు చేయడం, మాసిక వేయడం, టక్కు విప్పడం ఒక ఆదివారం చాలు. యూనిఫాం పొట్టయితే కొత్తది వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మూడోది, దీన్ని చదువుగా, ఉపాధిగా కూడా చూడండి. మన రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ గ్రేడు టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షలు పెడుతుంది. ఆసక్తి ఉన్నవాళ్లు నోటిఫికేషను కోసం చూడండి. పని నేర్చుకుంటే దాని ధర కూడా అడగడం నేర్చుకోండి. నర్సాపురం పాఠం మర్చిపోవద్దు.

నాలుగోది చిన్నపని. మీ ఇంట్లో బొంత ఉంటే అది ఎవరు కుట్టారో, అందులో ఎవరెవరి చీరలు ఉన్నాయో అడగండి. ఒక పొర అమ్మమ్మది, ఒకటి పెద్దమ్మది, ఒకటి పెళ్లయి వెళ్లిపోయిన అప్పది అయి ఉంటుంది. ఇంటి ఆడవాళ్లందరూ ఒకచోట ఉన్న రికార్డు ఇంకెక్కడా దొరకదు. ఓటరు కార్డులో, రేషను కార్డులో వాళ్లు వేరువేరు ఊళ్లకు చెదిరిపోయి ఉంటారు. కుట్టిన మనిషి పేరు, ఏడాది ఒక మూలన దారంతో కుట్టండి. మన పెద్దవాళ్లు ఇన్ని తరాలు కుట్టారు, ఒక్కరూ తమ పేరు వేసుకోలేదు. ఆ పేరు వేయడం ఇప్పుడు చదువుకున్న మీ వంతు.